చీటీల మీద బ్రౌన్ కాగితం

మైదా పేస్టు ఉడికే వాసన వస్తే చాలు, నాకు ఇప్పటికీ కాళ్ళు ఒకచోట నిలవవు. ఈ ఉదయం మ్యూజియం వెనక గదిలో గిన్నె పొయ్యి మీద పెట్టి, ఉండలు కట్టకుండా కలుపుతుంటే మెల్లగా పచ్చివాసన పోయి కమ్మదనం వచ్చింది. పది గంటలకు బడిపిల్లలు వస్తారు. ఈలోగా హాల్లో ప్రతి చిత్రం కిందా ఉన్న చీటీకి బ్రౌన్ కాగితం అంటించాలి. పై అంచుకి మాత్రమే పేస్టు రాయాలి, తరవాత పిల్లలు ఎత్తి చదువుకునేలా. పెళ్ళివారు వీధి మలుపు తిరిగారన్న కబురు అందిన ఇంటిలా ఉంటుంది అప్పుడు నా హడావుడి. ఈ పనీ, ఈ హడావుడీ రెండూ నాకు రవణమ్మగారి దగ్గరే అలవడ్డాయి.

శ్రీకాకుళంలో మా చిత్రకళా మ్యూజియం చిన్నది, రెండే హాళ్ళు. దాని విద్యా విభాగానికి ఆవిడ పెద్ద. విభాగం అంటే ఈ వెనక గదిలో ఆవిడ, ఒక బల్ల, నేను. పిల్లలు వచ్చినప్పుడు ఆవిడ ఎదటికి వచ్చేది కాదు, తలుపు పక్కన నిలబడి వినేది. ఆవిడ పనంతా వాళ్ళు రాకముందే. ముందురోజు ఒక పీట పట్టుకుని హాలంతా తిరిగి, ప్రతి చిత్రం ముందూ కూర్చుని రెండో తరగతి పిల్ల ఎత్తు నుంచి చూసేది. ఆ ఎత్తులో సగం చిత్రాల అద్దాల మీద ట్యూబులైటు తప్ప ఇంకేమీ కనబడదని మొదటిసారి నన్ను కూర్చోబెట్టి చూపించింది. ఆ రోజే దీపాలు మార్పించింది.

నాకు అక్కడ ఉద్యోగం రావడానికి కారణం నా దస్తూరీ. మా నాన్నగారి కిరాణా కొట్లో డబ్బాలకు చీటీలు రాసిన చెయ్యి. చిత్రాల వివరాలున్న పాత రిజిస్టరు ముందు పెట్టుకుని హాల్లోని చీటీలన్నీ రెండు రోజుల్లో తిరగరాసి పడేశాను. హాల్లో అన్నిటికన్నా పెద్ద చిత్రం సముద్రపు ఒడ్డున ఒక పడవ. దాని కింద ‘వేకువనే వేటకు బయలుదేరుతున్న జాలరులు’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. రవణమ్మగారు దాని ముందు చాలాసేపు నిలబడింది.

“ఒసే, బొమ్మ సూసి రాసేవా, రిజిస్టరు సూసి రాసేవా?” అంది.

నాకు కోపం వచ్చింది. మా కొట్లో డబ్బా మీద కందిపప్పు అని ఉంటే లోపల ఉండేది కందిపప్పే, ఎవరూ మూత తీసి చూడరని మనసులో అనుకున్నాను. ఆ వారంలోనే ఒక బడి వచ్చింది. నలభైమంది పిల్లలు తలలు వంచి నా చీటీలను నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకుని వెళ్ళిపోయారు. తల ఎత్తిన పిల్ల ఒక్కతీ లేదు. ఆ మర్నాడే ఆవిడ బ్రౌన్ కాగితాలు కత్తిరించడం మొదలుపెట్టింది.

గొడవ కూడా దానితోనే వచ్చింది. శ్రీకూర్మం అవతల సముద్రపు ఒడ్డు బడి నుంచి ఒక సోషల్ మేష్టారు ఏటా రెండు విడతలుగా పిల్లల్ని తెచ్చేవారు. చీటీలు మూసేస్తే పిల్లలు ఏం రాసుకోవాలని ఆయన క్యూరేటరుగారికి ఫిర్యాదు రాసి ఇచ్చారు. రెండో విడత పిల్లలు వచ్చినరోజు తానే వచ్చి చూస్తానని, మేష్టారి మాటే నిజమైతే విభాగం ఎత్తేసి ఆ గదిని సామాన్లకు వాడుకుంటామని క్యూరేటరుగారు చెప్పేశారు. అంటే ఆవిడ కట్టుకున్నదంతా పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది. కాగితాలు తీసేద్దామని బతిమాలాను.

“తీసేద్దాం. ఆ పడవకాడ ఎంతమంది ఆడోళ్ళున్నారో సెప్పు, తీసేద్దాం” అంది.

నాలుగు నెలలుగా రోజూ ఆ చిత్రం ముందు నుంచే నడుస్తున్నాను. అందులో ఆడవాళ్ళు ఉన్నారనే నాకు తెలియదు. వెళ్ళి పేస్టు కలిపాను.

ఆ బడి వచ్చినరోజు క్యూరేటరుగారు ఒక మూల, మేష్టారు చేతులు కట్టుకుని ఒక మూల. పడవ చిత్రం దగ్గర ఒక అమ్మాయి వీళ్ళు ఏం చేస్తున్నారని మేష్టారినే అడిగింది. ఆయన కాగితం ఎత్తబోయారు. తలుపు చాటునుండే రవణమ్మగారు మొదటిసారి ముందుకు వచ్చింది.

“ఎత్తకండి మేష్టారూ. మీకేటి కనబడతన్నాదో మీరే సెప్పండి.”

ఆయన మొహం ఎర్రబడింది. చిత్రం వైపు తిరిగి, వంగి పడవలోని వలను చూశారు. మాట్లాడినప్పుడు ఆ గొంతులో పాఠం లేదు, ఆయన పుట్టిన పల్లె ఉంది.

“ఇది ఎల్తన్న పడవ కాదండి. వస్తన్నాది. ఎల్లేటపుడు వల మడతమీద మడత పేర్చుకుంటారు. ఇది సూడండి, తడిది, కుప్పలాగేసున్నాది. ఆడోళ్ళు తట్టలట్టుకుని నిలబడ్డారు. ఎల్లే పడవకి తట్టల్తో ఎవులొస్తారు? మా యమ్మ ఇలాగే నిలబడీది.”

పిల్లలంతా చిత్రం మీద పడ్డారు. మా నాన్న వల కూడా అంతే అని ఒకరు, ఆ గాలికి తెరచాప దించాలని ఒకరు, హాలు దద్దరిల్లిపోయింది. చివరికి మేష్టారు కాగితం ఎత్తి నా ముత్యాల అక్షరాలు చదివారు. ఏటా పిల్లల చేత తాను రాయించింది కూడా అదే వాక్యమని ఆయనే మెల్లగా అన్నారు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి, అయినా సంతోషం పట్టలేకపోతున్నాను. క్యూరేటరుగారు ఫిర్యాదు ఊసెత్తలేదు. రిజిస్టరు పట్టుకు రమ్మని, పాత వాక్యం ఆయనే కొట్టేశారు.

కొత్త చీటీ రవణమ్మగారు మేష్టారి చేతనే రాయించింది. తరవాత బడి వచ్చినరోజు నేను ఆ ఒక్కదాన్నీ వదిలేసి మిగతావాటికి కాగితాలు అంటించాను. ఇది సరైనదే కదా మేడమ్ అన్నాను. ఆవిడ కుంచె నా చేతిలో పెట్టింది.

“దానికీ అంటించు” అంది.

ఎందుకో తెలియకుండానే అంటించాను. ఆవిడ పోయి రెండేళ్ళయింది. కుంచె, పీట నా దగ్గరే ఉన్నాయి.

ఈ ఉదయం అన్నీ అయ్యాక చివరగా మేష్టారి చీటీ దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను. కాగితం అంటించి తల ఎత్తాను. తట్టలు పట్టుకున్న ఆడవాళ్ళు ఐదుగురు. నలుగురు పడవను చూస్తున్నారు. ఐదో ఆమె చూపు పడవ మీద లేదు, దాన్ని దాటి సముద్రం మీద ఉంది. ఆమె పడవ ఇంకా రాలేదు. ఇన్నేళ్ళలో నేనది చూడలేదు.

రవణమ్మగారికి చెప్పాలని లేచి, వెనక గది వైపు పరుగులాంటి నడకతో సగం దూరం వెళ్ళిపోయాను.