తెలియదన్న మాట

కరోనా వెనక్కి తగ్గిన ఏడాది వేసవి. తిరుపతిలో ఒక ఆసుపత్రి పాథాలజీ విభాగంలో, అంటే కోసి తీసిన గడ్డలను మైక్రోస్కోప్ కింద చూసి జబ్బు తేల్చే చోట, పనిచేస్తున్నాను. మధ్యాహ్నాలు నాకు కాలం తెలిసేది కాదు. కళ్ళ ముందు, రంగు పట్టించిన స్లైడుల్లో, గులాబీ రంగు మైదానాలు, వాటి నిండా ఊదా చుక్కల్లా కణాలు. కింద క్యాంటీన్ కేకలు కూడా నిద్రలో విన్నట్టుండేవి.

అప్పుడు బంగారుపాళ్యం నుంచి హేమ అనే ఇంటర్ అమ్మాయి వచ్చింది. మోకాలి దగ్గర ఆస్టియోసార్కోమా, అంటే ఎముక క్యాన్సర్. కీమో ఇచ్చి, గడ్డ ఉన్న ఎముక తీసి లోహపు కీలు అమర్చారు. తీసిన ఎముక నా బల్ల మీదికి వచ్చింది. యాసిడ్‌లో రోజుల తరబడి నానితేగాని ఎముక మా కత్తికి లొంగదు. ఆమె తండ్రి మునిరత్నం, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కూలీ, రోజూ తలుపు దగ్గరికి వచ్చేవాడు.

"మెత్తబడిందా మేడమ్?"

"ఇంకా లేదన్నా."

స్లైడు తయారైన రోజు ఆయన్నే కూర్చోబెట్టి చూపించాను. "గడ్డ ఒంటరిగా బతకదన్నా. చుట్టూ రక్తనాళాలు, మన ఒంటి కాపలా కణాలు ఉంటాయి. దీన్ని ట్యూమర్ మైక్రోఎన్విరాన్‌మెంట్ అంటాం. ఆ కణాల్లో కొన్ని గడ్డతో పోరాడతాయి, కొన్ని దానికే ఊడిగం చేస్తాయి."

"ఈడ ఎవురు గెలిచినారు?"

"మందుకు గడ్డ చాలావరకు చచ్చింది. మంచి సూచనే. ఒక మూల మాత్రం కొంత బతికుంది. ఇంకా కీమో కావాలి."

ఆయన మైక్రోస్కోప్ మీంచి కన్ను తీయకుండానే అడిగాడు. "మొదట్లో నొప్పంటే బెణుకనుకోని ఆకుపసరు కట్టు కట్టిచ్చినా మేడమ్. మూడు కట్లు. దానివల్లే ముదిరిందా?"

"తెలియదన్నా. స్లైడులో అది కనిపించదు."

నిజమే చెప్పాను. చెప్పి, మళ్ళీ నా గులాబీ మైదానాల్లోకి వెళ్ళిపోయాను.

నాలుగో రోజు హేమ నర్సుతో కబురు పెట్టింది. వార్డుకు వెళ్తే కళ్ళెర్రజేసింది. "మా నాయనకు ఏం చెప్పినారు మేడమ్? నా దగ్గరికే రాడు. వరండాలోనే కూర్చోనుండాడు."

సిగ్గుతో చచ్చిపోయాను. నా 'తెలియదు'ను ఆయన 'అవును' అని విన్నాడు.

వరండాలో ఆయన పక్కనే కూర్చున్నాను. "అన్నా, ఆలస్యం వల్ల ఎంత నష్టమైందో ఎవరం చెప్పలేం. కానీ గడ్డ కట్టు వల్ల పుట్టలేదు. బిడ్డ నొప్పి చూడలేక కట్టించావు. ఇప్పుడు ఆ బిడ్డకు మందెంత అవసరమో నువ్వూ అంతే అవసరం."

తువ్వాలుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. మంచం దగ్గర నిలబడి, "నొప్పిగా ఉండాదా పాపా?" అన్నాడు.

"ఇప్పుడా అడిగేది?" అని ఆ పిల్ల ఏడుస్తూనే కసిరింది.

హేమ ఇప్పటికీ చెకప్‌లకు వస్తోంది. నేను మాత్రం అప్పటి నుంచి 'తెలియదు' అని చెప్పి లేచిపోను. ఎదుటి మనిషి ఆ మాటను ఏమని విన్నాడో అడిగాకే లేస్తాను.