గంజాయి వెయ్యని ఊరి వాటా

నిన్న పాడేరు నుంచి హుకుంపేట సంతకు జీపులో వెళ్తుంటే, చింతగరువు మలుపు దగ్గర కాఫీ పూల వాసన గుప్పుమంది. మల్లెపూల వాసనలాగే ఉంటుంది గానీ కాస్త పచ్చి. జీపు ఆపించి దిగాను. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కొండవాలంతా తెల్లగా పూసి ఉంది. ఈ ఊరికి ఒక్క కాఫీ మొక్క కూడా రాకుండా ఒకప్పుడు జాబితా రాసింది నేనే. వచ్చేలా చేసింది అప్పలనరసయ్యగారు.

ఆయన పాడేరులో మా ఆఫీసు సూపరింటెండెంటు. విజయనగరం వైపు మనిషి. ఎండాకాలంలో కూడా బూడిదరంగు స్వెటర్ విప్పేవారు కాదు. నేను అప్పుడే జూనియర్ అసిస్టెంటుగా చేరాను. మా ఇంట్లో మొదటి ఉద్యోగం నాదే, అందుకని పొగరు కూడా కాస్త ఎక్కువే. ఆ ఏడు కొండల మీద గంజాయి తోటలు పీకించిన ప్రభుత్వం, బదులుగా కాఫీ మొక్కలకు, మిరియాల తీగలకు సొమ్ము మంజూరు చేసింది. ఏ ఊరికెంతో పంచే పని మా ఆఫీసుది. ఎన్ని ఎకరాలు పీకితే అంత వాటా అని పైనుంచి వచ్చిన రూలు. మూడు వారాలు కూర్చుని, అక్షరం పొల్లుపోకుండా జాబితా తయారుచేసి ఆయన ముందు పెట్టాను. ఆయన పెన్ను మూత కూడా తియ్యలేదు.

“సంతలో సదివేవా అమ్మా?” అన్నారు.

అది ఆయన అలవాటు. ఏ జాబితా అయినా సంతలో మైకులో చదివాకే సంతకం. నాకు ఒళ్ళు మండింది. ఆఫీసు కాగితం అరవడానికి మనమేమైనా దుప్పట్లు అమ్ముకునేవాళ్ళమా అని గొణుక్కుంటూనే వెళ్ళాను. మైకు నిజంగానే దుప్పట్లు అమ్మే అతని దగ్గర అడిగి తీసుకున్నదే. చదవడం అయ్యాక సార్ మైకు అందుకుని, ఎప్పుడూ అడిగే మాటే అడిగారు. “ఎవుల్ని మరిసిపోనాం? సెప్పండి.”

పసుపు కొమ్ముల కుప్ప వెనక నుంచి ఒక ముసలామె లేచింది. చింతగరువు కాసులమ్మ.

“మా ఊరి పేరు రానేదు బావూ.”

“మీ ఊళ్ళో గంజాయి పీకలేదు కదమ్మా” అన్నాను నేను.

“ఎయ్యందే ఏటి పీకుతారే గుంటా? ఇత్తనాలట్టుకొచ్చినోణ్ని నానే సీపురట్టుకుని తరిమీసినాను. సరే, ఈయేడు నాలుగు మొక్కలేత్తాం. మీరొచ్చి పీకండి. అప్పుడిత్తారేటి కాఫీ మొక్కలు?”

సంతంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది మా సారే. సిగ్గుతో నా చెవులు వేడెక్కిపోయాయి. తర్వాత ఆయన నవ్వాపి, మైకులోనే “తప్పు మాదే. అమ్మ సెప్పింది నాయం” అన్నారు. నా పేరెత్తలేదు. తిరుగు దారిలో నేను రూలు సంగతి ఎత్తితే, “రూలు రాసినోల్లు కాసులమ్మని సూడనేదమ్మా. మనం సూసేం. ఇంక మన పనే” అన్నారు.

తర్వాతి వారం పెద్దాఫీసులో మీటింగుకు నన్నూ తీసుకెళ్ళారు. చింతగరువు పేరు చేర్చిన జాబితా చూసి పెద్దాఫీసరు చిరాకుపడ్డారు. “వెయ్యని పంటకు బదులు పంటేమిటయ్యా?” సార్ నావైపు తిరిగారు. “నువ్వు సెప్పమ్మా.” ఏం చెప్పాలో ముందు అనుకోలేదు. “వాళ్ళు అందరికంటే ముందే మానేశారండీ. విత్తనం గుమ్మంలోకొచ్చిన రోజే” అన్నాను. పెద్దాఫీసరు పెన్ను తీసి, జాబితాలో అన్నిటికంటే పైన కొత్త వరుస రాశారు: ఎప్పుడూ గంజాయి వెయ్యని ఊళ్ళు, ముందు వీరికి. నాకు గంతులెయ్యాలనిపించింది. మెట్ల మీద సార్ వెనక్కి తిరిగి, “బేగి రా, టీ తాగుదాం. డబ్బులు నువ్వే ఇయ్యాల” అన్నారు. అంత తియ్యటి టీ మళ్ళీ తాగలేదు.

వానలు పడగానే కాఫీ మొక్కల లారీ చింతగరువు ఎక్కింది. కాసులమ్మ నన్ను చూడగానే, “పీకడానికొచ్చేవా, నాటడానికొచ్చేవా?” అంది. చీర దోపుకుని సాయంత్రం దాకా నాటాను.

సార్ ఇప్పుడు లేరు. ఆయన కుర్చీలో నేనున్నాను. నిన్న హుకుంపేట సంతలో మిరియాల తీగల జాబితా చదివాను. ఎవరూ లేవలేదు. ఒకప్పుడైతే సంతోషించేదాన్ని, ఇప్పుడు భయం వేస్తుంది. మైకు దగ్గరికి తీసుకుని, ఆయన యాసలోనే అడిగాను. “ఎవుల్ని మరిసిపోనాం? సెప్పండి.”

వెనక ఎక్కడో ఒక చెయ్యి లేచింది. పెన్ను మూత పెట్టేసి, ముందుకు రమ్మన్నాను.