తువ్వాలు కింద ఇచ్చిన మాట

మా వదినగారు పోయిన కబురు నాకు చెప్పింది ఒక మామిడి వ్యాపారి. పొద్దున్నే దీపం పెట్టి సహస్రనామం మొదలుపెట్టాను, ఫోన్ మోగింది. "అమ్మా, పెద్దమ్మగారు తెల్లారుజామున నిద్రలోనే వెళ్ళిపోయారండి" అన్నాడు. సహస్రనామం అక్కడే ఆపేశాను. ఆ వెంటనే, "మన మామిడి అసోసియేషన్ తరఫున పెద్ద దండ చెప్పమంటారా అండీ?" అని అడిగాడు. వద్దన్నాను. అయినా తెచ్చాడు. ఆవిడ మొహం కనపడనంత పెద్ద దండ.

ఇప్పుడు అదే అసోసియేషన్ ఆవిడ పేరున ఈ సంచిక వేస్తోంది. నాలుగు మంచి మాటలు రాయమని నన్ను అడిగారు. నేను పదో తరగతి చదివినదాన్ని. గొంతెత్తి మాట్లాడే అలవాటు లేదు. అందుకని నా కోపం మీకు ఎప్పుడూ వినపడి ఉండదు. ఇక్కడైతే చదవక తప్పదు. మీరే అచ్చు వేస్తామన్నారు.

వదినగారు మా వారికి అక్క. నూజివీడులో మా ఇల్లు బజారులోనే ఉంది, రమ్మంటే వచ్చేవారు కాదు. భర్త పోయాక, కొడుకు ఉద్యోగానికి దూరం వెళ్ళినా, రెడ్డిగూడెం అవతల తోటలోనే ఉండిపోయారు. తోట లెక్క, కూలీల లెక్క, బేరాలు అన్నీ ఆవిడే చూసుకునేవారు. ఎండ ఉన్నా లేకపోయినా చేతిలో గొడుగు ఉండేది. అది పట్టుకునేది నీడకు కాదు, ఎదుటివాడి వైపు చూపించి మాట్లాడటానికి. "చూద్దాం" అనే మాట ఆవిడకి పడేది కాదు. "చూద్దాం అన్నవాడి ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగకు" అనేవారు. నన్నూ వదిలేవారు కాదు. "ఏమే అమ్మాయ్, దేవుడితో మాట్లాడినంత మెల్లగా మనుషులతో మాట్లాడకు. దేవుడికి చెవులున్నాయి" అనేవారు.

తోట వెనకాల కొండ. అది ప్రభుత్వానిది. కాగితాల్లో పోరంబోకు అని ఉంటుంది. ఎవరిదీ కాదని కొందరు, అందరిదీ అని కొందరు అనుకుంటారు. సీతాఫలాలు, కుంకుళ్ళు, చీపురుపుల్లలు ఊళ్ళో కూలి ఆడవాళ్ళకి అక్కడినుంచే వస్తాయి. నెమళ్ళు ఉన్నాయి, ముళ్ళపందులు ఉన్నాయి. ఆ కొండ మీద పడ్డ వానే కింద తోటల బోర్లలో నీళ్ళు. దాన్ని గ్రావెల్ కోసం తవ్వుకుంటానని ఒక కాంట్రాక్టరు అర్జీ పెట్టుకున్నాడని తెలిసిన రోజున, వదినగారు నన్ను వెంటబెట్టుకుని ఎమ్మెల్యేగారి దగ్గరికి వెళ్ళారు.

ఆయన కాఫీ ఇప్పించి, "అమ్మా, ఈ ఒక్క కొండ ఆపితే ఇంకో కొండ తవ్వుతారు. ఇలాంటివాటిని తవ్వకుండా చట్టమే తెద్దాం. అసెంబ్లీలో నేనే మాట్లాడతాను. ముందు మీ కొండ చుట్టూ ఉన్న ఊళ్ళ గ్రామసభ తీర్మానాలు పట్టుకురండి. జనం లేకుండా నేను అడిగితే నవ్వుతారు" అన్నారు.

బయటికి వచ్చాక వదినగారు, "వదిలించుకోవడానికి చెప్పాడే. కానీ చెప్పింది నిజమే" అన్నారు.

మరుసటి రోజు నుంచి తిరగడం మొదలు. పక్క ఊళ్ళు రెండూ ఒప్పుకున్నాయి. మిగిలింది ఆవిడ సొంత ఊరే.

ముందు కూలి ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళాం. తోటలో చెట్ల కింద కూర్చుని సద్దులు తింటున్నారు. చట్టం అనగానే ఒకావిడ చెయ్యి కడుక్కుని లేచింది. "చట్టమంటే ఫారెస్టోళ్ళు వస్తారు గదమ్మా. మేక కొండెక్కితే జరిమానా, పుల్ల విరిస్తే కేసు. మాకు మీరూ ఒకటే, ఆ క్వారీవోడూ ఒకటే" అంది. వదినగారు గొడుగు ఎత్తి నోటికొచ్చినట్టు తిట్టారు. ఆ సాయంత్రం అన్నం తినలేదు. మర్నాడు మళ్ళీ అదే చెట్టు కిందికి వెళ్ళి, "మేతకీ, కాయలకీ, పుల్లలకీ మీరు వెళ్ళే దారి మూయకూడదని తీర్మానంలో మొదటి మాటగా రాయిస్తాను. చదివి వినిపిస్తారు. అది లేకపోతే మీరు చెయ్యెత్తొద్దు" అన్నారు.

"మరి నిన్న మమ్మల్ని తిట్టారుగా?"

"తిట్టాను. అది నా నోరు. ఇది నా మాట."

ఆడవాళ్ళు నవ్వారు. ఒప్పుకున్నారు.

ఇక మీరు. తోటల రైతులూ, గుత్తకి తీసుకునే వ్యాపారులూ. మీలో కొందరి టిప్పర్లు ఆ కాంట్రాక్టరు దగ్గర తిరుగుతున్నాయి. మిగతావాళ్ళకి అతనంటే భయం. పైకి అడిగితే ఎవరూ నోరు విప్పరని వదినగారికి తెలుసు. అందుకని మీకు అలవాటైన పద్ధతిలోనే అడిగారు. మామిడి బేరంలో ధర నోటితో చెప్పరు. చేతుల మీద తువ్వాలు కప్పి, లోపల వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియదు. అలా ఒప్పుకున్న మాటకి కాగితం ఉండదు, కానీ తప్పినవాడికి మరుసటి ఏడు ఎవరూ తోట ఇవ్వరు. పూత చూడటానికి మీరు తోటకి వచ్చినప్పుడు, ఆవిడ తువ్వాలు తెచ్చి మీ ఒక్కొక్కరి చేతుల మీద కప్పారు. "కొండ కోసం గ్రామసభలో చెయ్యెత్తుతానంటే అయిదు వేళ్ళూ నొక్కు. లేకపోతే వదిలెయ్. ఎవరికీ చెప్పను" అన్నారు.

ఒకాయన వేళాకోళం కూడా ఆడాడు. "పెద్దమ్మా, ఈ వయసులో నా చెయ్యి పట్టుకుంటే మీ అబ్బాయి ఊరుకుంటాడా?"

"మా అబ్బాయి సంగతి సరే. నొక్కుతావా, వదిలేస్తావా?"

నొక్కాడు. అందరూ నొక్కారు. నేను అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. ఆ వారం వదినగారు పిల్లలా తిరిగారు. నాకు ఇష్టమని పనసతొనలు తెప్పించారు.

గ్రామసభ పంచాయతీ ఆఫీసు ఆవరణలో పెట్టారు. నా ఓటు టౌనులో కాబట్టి గోడ పక్కన నిలబడ్డాను. ముందు వరసలో కాంట్రాక్టరు కూర్చుని ఉన్నాడు. అతనిదీ ఈ ఊరు కాదు. అతన్ని గోడ పక్కన నిలబడమని ఎవరూ అనలేదు. సెక్రటరీ తీర్మానం చదివి, ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నాడు. వెనక కూర్చున్న కూలి ఆడవాళ్ళు ఎత్తారు. మీలో ఒకరు భుజం మీద తువ్వాలు సర్దుకున్నారు. ఒకరు ఫోన్ చూసుకున్నారు. ఒకరు మంచినీళ్ళకి లేచి వెళ్ళారు. తగినంత మద్దతు లేదు, వచ్చే సభలో చూద్దామని రాసుకున్నారు.

వదినగారు లేచి మీ మొహాలన్నీ వరసగా చూశారు. "తువ్వాలు కింద మాట తప్పినవాణ్ణి ఇన్నేళ్ళలో చూడలేదు. ఇవాళ ఇంతమందిని ఒక్కచోట చూశాను."

"ఆ మాట మామిడికాయకే పెద్దమ్మా, కొండకి కాదు" అని ఎవరో అన్నారు. మీరు నవ్వారు. ఆ నవ్వు నేను విన్నాను. రోజూ పూజలో మీ అందరినీ క్షమించాలని కూర్చుంటాను. ఆ నవ్వు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాను.

"అయితే రేపట్నుంచి మామిడికాయకీ లేదు" అన్నారు వదినగారు. ఆ ఏడు ఆవిడ తోట గుత్త మీలో ఎవరికీ ఇవ్వలేదు. కూలి ఆడవాళ్ళతో కోయించి రోడ్డు పక్కనే బుట్టల్లో అమ్మించారు. నష్టమే వచ్చింది. మా వారు అడిగితే, "నష్టం నాకు తెలుసురా. మాట తప్పితే ఏం పోతుందో వాళ్ళకి తెలియాలి" అన్నారు.

పోయే ముందు వారం నేను వెళ్ళినప్పుడు కాళ్ళకి నూనె రాస్తుంటే అన్నారు: "తప్పు నాదేనే. అందరూ ఒప్పుకున్నారు, కానీ పక్కవాడు ఒప్పుకున్నాడని ఒక్కడికీ తెలియకుండా చేశాను. తోట బేరానికి అది బలం. ఊరి బేరానికి కాదు. సభలో ఒక్కొక్కడూ తనొక్కడే అనుకున్నాడు." అయినా ఆవిడ మిమ్మల్ని క్షమించలేదు. ఆ సంగతీ చెప్పడం నా బాధ్యత. గాంధీ జయంతికి మళ్ళీ గ్రామసభ ఉంది. దానికి వెళ్ళాలని చీర కూడా తీసి పెట్టుకున్నారు. ఆ చీరతోనే సాగనంపాం.

తరవాత మీ సంతాపసభ. అదే ఆవరణ, అవే ప్లాస్టిక్ కుర్చీలు. ఫ్లెక్సీ మీద ఆవిడ ఫోటో, కింద 'ప్రకృతి ప్రేమికురాలు' అని రాయించారు. కొండంత మనసు అన్నారొకరు. ఆవిడ ఆశయం అన్నారు ఇంకొకరు. కాంట్రాక్టరు కూడా మైకు పట్టుకుని, తనకి అమ్మలాంటిదన్నాడు. బస్సుస్టాపుకి ఆవిడ పేరు పెడదామన్నారు. కొండ మాట ఒక్కరూ ఎత్తలేదు. చివర రెండు నిమిషాలు మౌనం పాటిద్దామంటే అందరూ లేచారు.

నేను ఫోటో పక్కనే ఉన్నాను. అమ్మవారిని తలుచుకుని మైకు తీసుకున్నాను. "అందరూ లేచే ఉన్నారు కదండీ. కొండ కోసం చట్టం అడగక్కర్లేదు అనేవాళ్ళు ఇప్పుడు కూర్చోండి. అడగాలనేవాళ్ళు అలాగే నిలబడండి. ఎవరు ఎటో ఒకరికొకరు చూసుకోండి. గాంధీ జయంతికి పనికొస్తుంది" అన్నాను. నా గొంతు స్పీకర్లో అంత గట్టిగా వస్తుందని నాకు తెలియదు.

"అమ్మా, ఇది సంతాపసభండీ" అన్నారు అసోసియేషన్ పెద్దాయన.

"అందుకేనండీ అడుగుతున్నాను."

రెండు నిమిషాలు అయిపోయాయి. ఎవరూ కూర్చోలేదు. వెనక కూలి ఆడవాళ్ళు చీర కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి చూస్తున్నారు. ముందు వరసల్లో ఒకరి మోకాళ్ళ వైపు ఒకరు చూసుకుంటున్నారు. టిప్పర్లవాళ్ళు కూడా నిలబడే ఉన్నారు. కాంట్రాక్టరు ఒక్కడే కుర్చీ చెయ్యి పట్టుకుని కొంచెం వంగాడు. అటూ ఇటూ చూశాడు. కూర్చోలేదు, నిటారుగా నిలబడనూ లేదు. ఎండ షామియానా దాటి ఫోటో మీదికి వచ్చేదాకా అలా సగం వంగే ఉన్నాడు.