అగ్గిపెట్టె బొమ్మల మాస్టారు

తెనాలిలో నేను ఇంటర్నెట్ సెంటర్ నడిపే రోజుల్లో రేపల్లె నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు రైల్లో వచ్చేవారు. నలభై ఏళ్లుగా పోగుచేసిన అగ్గిపెట్టె బొమ్మల ఆల్బమ్‌ను నా చేత ఆన్‌లైన్ వేలంలో పెట్టించారు. వచ్చినప్పుడల్లా కుర్చీలో కూర్చోకముందే, "ఎంతమంది చూశారమ్మా?" అని అడిగేవారు. ధర సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఇరవై మంది చూశారంటే చాలు, పొంగిపోయేవారు.

ఉచితంగా పెట్టనిచ్చే ఒక్క చిన్న ఫోటో చూసి ఎవరు కొంటారనిపించింది నాకు.

"డబ్బు కడితే పెద్ద ఫోటోలు పెట్టొచ్చండి. ఇంకా చాలామంది చూస్తారు" అన్నాను.

"అయితే పెట్టెయ్యమ్మా" అన్నారు సంబరంగా.

ప్రతి పేజీనీ ఫోటో తీసి పెట్టాను. వారం తిరక్కుండానే బెంగళూరులో ఎవరో పాడేసుకున్నారు.

"అమ్ముడుపోయిందండి!" అన్నాను గొప్పగా.

ఆయన నవ్వలేదు. "నిజంగా కొనేశారా? ఇంట్లో ఎవరూ చూడరు కదాని పెట్టించానమ్మా" అన్నారు మెల్లగా.

ఒప్పుకున్నాక ఇవ్వక తప్పదంటూ మర్నాడు ఆల్బమ్ తెచ్చారు. ప్యాక్ చేయబోతుంటే ఆపి, మొదటి పేజీ తెరిచారు.

"ఈ ఏనుగు బొమ్మ చూడమ్మా, బాపట్ల స్టేషన్లో దొరికింది..."

"కొరియర్‌కి టైమైపోతోంది మాస్టారూ" అంటూ ఆల్బమ్ మూసేశాను.

ఆయన మళ్లీ రాలేదు. ఫోటోలన్నీ తీసింది నేనే. ఆ ఏనుగు ఏ రంగులో ఉందో మాత్రం ఈనాటికీ చెప్పలేను.