ఆ ఫారంలో నేను పెట్టిన టిక్కు

ఆరేళ్ళుగా ఒక అబద్ధం మోస్తున్నాను. మోస్తూనే మంచివాణ్ణనిపించుకుంటున్నాను. ఇక నా వల్ల కాదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు, అందుకే మీకు చెప్తున్నాను. జాలిపడొద్దు. జాలిపడితే ఇంకా ఒళ్ళు మండుతుంది.

మాది ఆడమ్స్‌టౌన్, ఈ పరాయిదేశంలో సిటీకి శివారు. అప్పట్లో ఇక్కడి తెలుగువాళ్ళ సంఘానికి నేను సెక్రటరీని. సుజాత అని, గుంటూరు వైపు అమ్మాయి, స్వోర్డ్స్ అనే ఊళ్ళో ముసలివాళ్ళ హోమ్‌లో కేరర్. వాళ్ళాయన పని నుంచి వస్తుంటే బస్టాపులో నలుగురు కలిసి చావబాదారు. దవడ విరిగింది. పట్టపగలు, స్టాపు నిండా జనం. చూశామని ఒక్కరూ ముందుకు రాలేదు. సిటీ నడిబొడ్డున ఉన్న పెద్ద స్క్వేర్‌లో శనివారం మధ్యాహ్నం అందరం నిలబడదామనీ, చూసినవాళ్ళు ఉంటే వచ్చి చెప్పండని సుజాతే మైకులో అడుగుతుందనీ మీటింగులో అనుకున్నాం.

ఆ స్క్వేర్‌లో ఊరికే గుమిగూడటానికి లేదు. ముందే ఫారం నింపాలి. ఎంతమంది వస్తారు, ఎంతసేపుంటారు, స్పీకర్లు పెడతారా, ప్రసంగాలుంటాయా. నింపింది నేను. ప్రసంగాల దగ్గర 'లేవు' అని టిక్కు పెట్టాను. ఎందుకు? అప్పుడు నా సిటిజన్‌షిప్ అప్లికేషన్ నడుస్తోంది. ప్రసంగాలంటే నిరసన అంటారేమో, నిరసన అంటే నా పేరు ఎక్కడో ఎక్కుతుందేమో, రేపు నా ఫైలు తెరిచినవాడెవడో అది చూసి పక్కన పడేస్తాడేమో అని. అలాగని నాకెవరైనా చెప్పారా? లేదు. ఎవరినైనా అడిగానా? అదీ లేదు. నా పిరికితనానికి నేనే ఒక రూలు రాసుకున్నాను.

ఆ రోజు రెండొందలమంది దాకా వచ్చారు. ఇద్దరు విలేకరులూ వచ్చారు. సుజాత మైకు దగ్గరికి నడుస్తుంటే, స్క్వేర్ చూసుకునే పెద్దావిడ, మెరిసే పసుపు జాకెట్‌లో ఉంది, నన్ను పక్కకి పిలిచింది. ఫారంలో ప్రసంగం లేదే, అయినా ఐదు నిమిషాలైతే గ్రాండ్, ఏం ఫర్వాలేదు, సంతకం నీది కాబట్టి నువ్వు సరేనంటే చాలు అంది. విన్నారా? నేను సరేనంటే చాలట. ఆవిడ చేతిలో పుస్తకం ఉంది. అందులో నా పేరు పక్కన ఏం రాసుకుంటుందో అని, వద్దన్నాను.

సుజాత దగ్గరికెళ్ళి, "వాళ్ళు ఒప్పుకోవట్లేదమ్మా" అన్నాను.

"రెండు నిమిషాలే అన్నయ్యా. ఇంకోసారి అడిగి చూడండి."

"అడిగాను. రూలంట. ఎంత చెప్పినా వినట్లేదు."

"పోన్లెండి, మీరు మాత్రం ఏం చేస్తారు" అంది. చేతిలో కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. విలేకరులు కెమెరాలు సర్దుకుని వెళ్ళిపోయారు.

అంతటితో ఆగానా? ఆ సాయంత్రం ఎవరో వాట్సాప్ గ్రూపులో ఆ పెద్దావిడ ఫోటో పెడితే మనవాళ్ళు నోటికొచ్చినట్టు తిట్టారు. నేనూ తిట్టాను. స్క్వేర్ వాళ్ళకి ఘాటుగా ఉత్తరం రాసింది కూడా నేనే, సిగ్గులేని వెధవని. భలే రాశావని అందరూ మెచ్చుకున్నారు.

చూసినవాళ్ళెవరూ రాలేదు. కొట్టిన నలుగురూ ఎవరో ఇప్పటికీ తెలీదు. వాళ్ళాయన ఆ తర్వాత ఒంటరిగా బస్సెక్కలేదు. సుజాత మాట ఆ రోజు జనం చెవిన పడుంటే ఎవరో ఒకరు కదిలొచ్చేవాళ్ళా? ఏమో. రాకపోయేవాళ్ళేమో కూడా. ఆ ఏమోని అడ్డం పెట్టుకునే ఇన్నేళ్ళూ సుఖంగా తిని పడుకున్నాను. నాకు పాస్‌పోర్టు కూడా వచ్చింది.

మొన్న ఒకళ్ళింట్లో బర్త్‌డేకి వెళ్తే సుజాత మా ఆవిడతో అంటోంది, ఆ రోజు మా తరఫున పోట్లాడింది అన్నయ్య ఒక్కడేనండీ అని. మా ఆవిడ గర్వంగా నా వైపు చూసింది. నేను తలొంచుకుని బిర్యానీ తింటూ ఉండిపోయాను.

సుజాత నోరు మూయించింది స్క్వేర్ వాళ్ళు కాదు. నేను. ఇదిగో, రాసేశాను. ప్రాణం కాస్త తెరిపిన పడింది, కాదనను. పడినందుకు కూడా నా మీద నాకే మండుతోంది. ఎందుకంటే ఈ మాట మీకు చెప్పగలిగాను గానీ, ఆ పిల్ల మొహం చూసి చెప్పే దమ్ము ఇవాళ్టికీ నాకు లేదు.