వేలిముద్ర

బతికున్నన్నాళ్లూ అపోండి చేతులు ఊరికే ఉండలేదు. కిసుము పట్నంలోని నీటి పరీక్షల గదిలో ప్రతి గాజుగొట్టాన్నీ తుడిచి, మళ్లీ తుడిచేది. వేలిముద్ర కూడా వెలుగును ఆపుతుందనీ, ఆగిన వెలుగును బట్టి నీళ్లలో విషాన్ని కొలిచే యంత్రం దాన్నీ విషంగానే లెక్కేస్తుందనీ ఆమె భయం. ఒకరోజు ఆడపడుచు అవితి చంటిబిడ్డతో వచ్చి, తమ ఊళ్లో ఉన్న ఒకే ఒక్క బావి నీళ్లు పరీక్షకిచ్చింది.

"అరిగిపోద్ది వదినా! అది గాజు, మా అన్న బూటు కాదు," అని గొట్టం తుడుస్తున్న అపోండిని చూసి నవ్వింది అవితి.

మందు కలపగానే నీళ్లు గులాబీరంగుకు తిరిగాయి. యంత్రంలో అంకె తాగదగ్గ హద్దు దాటింది. అపోండి గొట్టం తీసి, తుడిచి మళ్లీ యంత్రంలో పెట్టింది. అంకె కదల్లేదు.

అవితి నవ్వు ఆగిపోయింది. "ఇంకోసారి తుడువు వదినా."

అపోండి గొట్టాన్ని కిటికీ వెలుతురుకెత్తి చూసింది. ఎక్కడా మరక లేదు.

"బిడ్డకి ఆ నీళ్లు పట్టకే," అంది. గుడ్డ జేబులో పెట్టేసినా, చేతులు మాత్రం ఒకదాన్నొకటి తుడుచుకుంటూనే ఉన్నాయి.