లూమ్ అంటే మగ్గమే

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం, ఎల్బీనగర్‌లో సొంత ఇల్లు. ఇక నిశ్చింతగా కూర్చోవలసిన మనిషికి, అంజమ్మ భర్త హనుమాండ్లుకి, యాభై దాటాక కొత్త పిచ్చి పట్టింది. ఇంట్లో ఒక్క మాటైనా చెప్పకుండా పాత ఇంగ్లండు కారొకటి లారీ మీద వేసుకొచ్చాడు.

ఇద్దరే పట్టే బుల్లి కారు. పైకప్పు లేదు, ఉన్న చక్రాలు రెండే, అడుగు తుప్పు పట్టి నేల కనిపిస్తోంది. పై వాటాలో కిరాయికుండే సూర్యప్రభ హారతి పళ్ళెంతో దిగి వచ్చి, దాన్ని చూసి కొయ్యబారిపోయింది.

“లారీవాడు ఎమ్‌జీ కారంటే కొత్తది కొన్నారనుకున్నానండీ, అంజమ్మగారూ!” అని పళ్ళేన్ని కొంగు చాటున దాచుకుంది.

“రేసు కారమ్మా ఇది! మొత్తం విప్పి, ఇంట్లనే మల్ల కొత్తగ బిగిస్త” అన్నాడు హనుమాండ్లు.

అంజమ్మ పోచంపల్లి దగ్గరి పల్లెలో పుట్టింది. పలక పట్టక ముందే నూలు పట్టింది. భర్త నేత మానేసి దుకాణం పెట్టినా, ఆమె మాత్రం తండ్రి మగ్గాన్ని ముందు గదిలో వేయించుకుని నేస్తూనే ఉంది. కారు సరిగ్గా ఆ గది పక్కనే దిగింది. “జాగ సాల్తలేదు” అని అతను రోజూ సణుగుతుంటే వింటూనే ఉంది.

ఒక పొద్దున అతను కారు దగ్గర నిలబడి, పాత కార్ల సంగతులు తెలిసిన సైదాబాద్ బాపిరాజుతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. “లూమ్ తియ్యకుంటె పని మొదలే గాదు సార్. రేపు పొద్దుగాల్నే తీసేస్త.”

ముందు గదిలో నేస్తున్న అంజమ్మ చేతిలోంచి, పోగును అటూ ఇటూ నడిపే నాడె జారి పడింది. ఆ ఇంట్లో లూమ్ అంటే మగ్గమే. హ్యాండ్లూమ్, పవర్‌లూమ్ అన్న మాటలు అన్నంలో కలుపుకుని తిన్న కుటుంబం అది. పోయి అడగొచ్చు కదా అంటారా? అడిగి తెచ్చాడా కారు, అడిగి తీయడానికి మగ్గం?

అతను దుకాణానికి వెళ్ళీ వెళ్ళగానే కత్తెర పట్టుకుని కారు మీదికి పోయింది. బానెట్ తెరిచే ఉంది. లోపల గుడ్డ చుట్టిన లావుపాటి కట్ట, అందులో రంగురంగుల తీగలు. దీనికి ఇవే నరాలు కాబోలు అనుకుంది. “నా మగ్గం పీకుతవా?” అంటూ ఒక్కొక్క తీగనే కోసి పారేసింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన హనుమాండ్లు అది చూసి, తెగిన కట్టను చేతిలోకి తీసుకున్నాడు.

“లూమ్ కోసినవానే?”

“ఏ లూమ్?”

“గిదే! గీ తీగెల కట్టనే ఇంగ్లీషోళ్ళు లూమ్ అంటరు. ఒక్క తీగె తెగకుంట తియ్యమన్నడు బాపిరాజు సార్. గీ కార్ల బాగున్నది గిదొక్కటేనే!”

మగ్గం మీద పోగు తెగితే అన్నం సహించని మనిషి, తన చేతులతోనే ఒక లూమ్‌ని నిలువునా కోసింది.

అతను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“నీ మగ్గం మీద చెయ్యేస్తనని ఎట్ల అనుకున్నవే?”

“చెప్పకుంట కారు తెచ్చినవ్. చెప్పకుంట మగ్గం తీస్తవనుకున్న.”

వండిన అన్నం వండినట్టే ఉండిపోయింది.

చివరికి ఆమే లేచి కారు పక్కన పీట వేసుకుంది. కొత్త పడుగు ఎక్కించేటప్పుడు పాత పోగు కొసకి కొత్త పోగు కొసను మెలిపెట్టి అతుకుతారు. అదే తీరుగా రంగుకి రంగు చూసుకుంటూ తీగ కొసలు కలపడం మొదలుపెట్టింది.

హనుమాండ్లు మెల్లగా వచ్చి పక్కన కూర్చున్నాడు. కారు వచ్చినప్పటి నుంచి అడగని మాట అప్పుడు అడిగాడు.

“గీ కారు ఉంచుమంటవా, తీసేయమంటవా?”

అంజమ్మ తల ఎత్తలేదు.

“అతుకు పెట్టేకాడ తెంపే మాటలు మాట్లాడకు. గీ కొస పట్టు.”